పసుపు యాడ వోయింది బిడ్డా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో బోనాల ఫొటోలు అరపేజీ వేశారు, సంతోషం, కానీ అన్నీ బ్లాక్ అండ్ వైటే ఎందుకండీ? పైన చీరల యాడ్ కలర్లో ఉంది, కింద సినిమా వార్త కలర్లో ఉంది, మధ్యలో అమ్మవారి పండగ ఒక్కటే బూడిద రంగు. ఫొటోలు బాలేవని కాదు, పోతరాజు కొరడా గాల్లో మెలిక తిరిగిన ఫొటో అయితే అదిరింది, అందులో చూడాల్సిందే ఆ మెలిక కాబట్టి రంగు లేదన్న సంగతే తట్టలేదు. దాని పక్కన బోనం ఫొటో ఉంది చూడండి, నా బాధంతా దాని గురించే.

ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశా. నాలుగేళ్ల కింద లాల్ దర్వాజా దగ్గర కెమెరా మోనోక్రోమ్ లో పెట్టుకుని తిరుగుతున్నా, స్ట్రీట్ ఫొటో అంటే నలుపు తెలుపే అని ఆదివారాలు కలిసి ఫొటోలు తీసే మా బ్యాచ్ కి అప్పట్లో ఒక పిచ్చి. ఒక పెద్దామె బోనం ఎత్తుకుని లైన్లో నిలబడింది, ఫొటో తీసి వెనక స్క్రీన్ చూపించా. కళ్ళు చిట్లించి చూసి "పసుపు యాడ వోయింది బిడ్డా? బూడిద పూసినట్టుంది" అంది. నిజమే. కుండ మీద పసుపు తెల్లబడిపోయింది, కుంకుమ బొట్లు, వేపాకు, ఆమె ఎర్ర చీర కొంగు మూడూ ఒకటే ముదురు గ్రే, ఎక్కడ ఆకు అయిపోయి ఎక్కడ కొంగు మొదలైందో తెలీట్లేదు. ఎరుపూ ఆకుపచ్చా కంటికి ఎంత వేరో కదా, కానీ రెండిటి వెలుగు ఇంచుమించు ఒకటే అయితే రంగు తీసేయగానే అతుక్కుపోతాయి. అదృష్టం బాగుండి రా (RAW) ఫైల్, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైల్, కూడా ఆన్ లో ఉంది, స్క్రీన్ మీద ఎలా కనిపించినా అందులో రంగు అలాగే ఉంటుంది, ఒట్టి జేపెగ్ అయితే ఇక అంతే సంగతులు.

నాకు బ్లాక్ అండ్ వైట్ మీద పగేం లేదు. పని నేర్చుకుందే స్టూడియో డార్క్ రూమ్ లో, ఎర్ర బల్బు కింద డెవలపర్ ట్రే ఊపుతుంటే తెల్ల కాగితం మీద మొహం మెల్లగా తేలేది. కలర్ రోల్ అయితే ల్యాబ్ కి పంపాలి, బ్లాక్ అండ్ వైట్ అయితే మేమే కడుక్కునేవాళ్లం, అదీ కారణం, ఆర్టూ గీర్టూ ఏం లేదు. ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్ గా పనిచేసిన రాజా దీన్ దయాళ్ గారికైతే ఆ మాత్రం చాయిస్ కూడా లేదు, ఆ రోజుల్లో ఫిల్ముకి బదులు వాడే గాజు ప్లేట్లకి ఎరుపు సరిగా ఆనేదే కాదు, నల్లగా పడిపోయేది. ఇప్పుడు పాత లుక్ కావాలని చార్మినార్ ని, లాడ్ బజార్ గాజుల్ని కూడా గ్రే చేసేస్తున్నారు. గాజుల కొట్లో రంగు తీసేస్తే మిగిలేది రింగులే కదండీ!

మళ్లీ కలర్ పెడితే కొన్నిచోట్ల కంపు. మన సిటీలో ఏ గోడ ముందు నిలబడ్డా వెనకాల ఒక ఫ్లెక్సీ ఉంటుంది, గులాబీయో పసుపో, చూపంతా అదే లాగేసుకుంటుంది. మా చిక్కడపల్లి వైపు ఒక ఇరానీ హోటల్లో ఒకాయన సాసర్లో చాయ్ పోసుకుని ఊదుతుంటే తీశా, ట్యూబ్ లైట్ వల్ల సగం మొహం ఆకుపచ్చ, బల్బు వల్ల సగం పసుపు, కామెర్లు వచ్చినవాడిలా ఉన్నాడు పాపం. బ్లాక్ అండ్ వైట్ చేశాక ఆ వేళ్లు, ఆవిరి, ఊదుతున్న పెదాలు, అవే మిగిలాయి.

కలర్ అంటే చవక అనేవాళ్లకి ఒక మాట. ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ 1999లో పోయేదాకా మన దేశపు వీధుల్ని కలర్లోనే తీశాడు, ఆయన మొదలుపెట్టిన రోజుల్లో బయట పెద్దవాళ్లంతా బ్లాక్ అండ్ వైటే ఆర్ట్ అనేవారు. 1984 భోపాల్ గ్యాస్ అప్పుడు మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ మొహాన్ని రఘు రాయ్ బ్లాక్ అండ్ వైట్ లో తీశారు, అదే బిడ్డని పాబ్లో బార్తలోమ్యూ కలర్లో తీశారు, వరల్డ్ ప్రెస్ ఫొటో అవార్డు ఆ కలర్ దానికే వచ్చింది. నన్నడిగితే రెండిట్లో ఏది గొప్పో ఇప్పటికీ తేల్చుకోలేను, ఒకదాంట్లో ఆ కళ్ళు తప్ప ఇంకేం కనిపించవు, రెండోదాంట్లో మట్టి నిజం మట్టిలా ఉండి ఇంకా భయమేస్తుంది.

బోనం విషయంలో మాత్రం నాకే డౌటూ లేదు. ఆ ఫొటోగ్రాఫర్ దగ్గర కలర్ ఫైల్ ఉందేమో ఒక్కసారి అడిగి, ఉంటే వచ్చే ఆదివారం ఆ ఒక్కటీ మళ్లీ వేయండి, చిన్నదైనా సరే. పోతరాజుని కదిలించక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు
చిక్కడపల్లి, హైదరాబాద్