బుజ్జి కళ్ళజోడు సంగతి

చి. బుజ్జికి,

నాన్న దీవెనలు. నిన్న షాపులోంచి ఫోన్ చేసి "బ్లూ కట్ కూడా వేయించమంటున్నారు, వేయించనా?" అన్నావు, అదే, స్క్రీన్ల నుంచి వచ్చే నీలి వెలుతురును తగ్గిస్తుందనే పూత. ఫోన్‌లో నీ గొంతు కంటే షాపతని గొంతే ఎక్కువ వినిపించింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అద్దం మీద పడ్డ వెలుతురు వెనక్కి పోకుండా చూసే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ మాత్రం మానకు. మామూలు ప్లాస్టిక్ అద్దం మీద పడ్డ వెలుతురులో ఒక్కో వైపు నుంచి నూటికి 4 వంతులు వెనక్కి పోతుంది, రెండు వైపులా కలిపి 8. పవర్ ఎక్కువని నువ్వు తీసుకునే పల్చటి హై ఇండెక్స్ అద్దమైతే ఇంకా ఎక్కువే పోతుంది. రాత్రి స్కూటీ మీద వస్తుంటే ఎదురు లైట్లు జంటగా కనిపిస్తున్నాయన్నావు కదా, అందులో ఈ ప్రతిబింబాల పాలు కూడా ఉండొచ్చు. కోటింగ్ ఉంటే వెలుతురు దాదాపు అంతా కంటికే చేరుతుంది. రాత్రికి మంచిదని పసుపు రంగు అద్దాలు అంటగడతారేమో, వద్దను. చీకట్లో ఏ రంగైనా ఉన్న వెలుతురును తగ్గించేదే.

బ్లూ కట్ డబ్బు దండగ అని నా అభిప్రాయం. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసి, కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసట ఈ అద్దాలతో తగ్గుతున్నట్టు కనిపించలేదని తేల్చింది. నీ కళ్ళు మండేది నువ్వు రెప్ప వేయడం మర్చిపోయి స్క్రీన్ చూడటం వల్ల. చిన్నప్పుడు టీవీ ముందూ అంతే.

ఎండకి నల్లబడే ఫొటోక్రోమిక్ నేను రెండేళ్ళు వాడాను. వాటికి ఎండలోని యూవీ (అతినీలలోహిత కిరణాలు) తగిలితేనే రంగు మారుతుంది. కారు ముందద్దం యూవీని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి లోపల నల్లబడవు. పైగా వేడి పెరిగేకొద్దీ నలుపు తగ్గుతుంది. బెజవాడ మే నెల ఎండలో, అంటే సరిగ్గా కావాల్సినప్పుడే, అవి సగం పని చేసేవి! దానికంటే పవర్‌తో విడిగా ఒక జత చలవద్దాలు చేయించుకో. బూడిద రంగైతే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. యూవీ400, అంటే యూవీని దాదాపు పూర్తిగా ఆపే గుణం, ఉందో లేదో మాత్రం అడుగు. అది లేని నల్లద్దం వెనక కంటిపాప పెద్దదై యూవీ ఇంకా ఎక్కువ లోపలికి పోవచ్చు. తెల్లద్దాలకైనా యూవీ400 ఉంటే మంచిది.

ఇంకో మాట. ఓసారి కళ్ళజోడు కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేశాను. వేడికి ప్లాస్టిక్ సాగినంతగా కోటింగ్ సాగలేదు, ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు పడ్డాయి. కొత్తవి కొనాల్సి వచ్చింది, మీ అమ్మ చేత మాటలు అదనం. నువ్వేమో చున్నీ కొసతో పొడిగానే తుడుస్తావు. చల్లటి నీళ్ళలో కడిగి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో తుడువు.

ఫ్రేము నీ ఇష్టం. గుండ్రటిది వద్దని అమ్మ అంటోంది, అది మీరిద్దరూ తేల్చుకోండి.

నాన్న