రెండు వారాలకైతే వద్దురా

సోంపేట

ఒరేయ్ రవీ,

నీ మెయిల్ వచ్చి చాన్నాళ్లయింది. జవాబు రాయకపోవడానికి సగం నా బద్ధకం, సగం కొత్త రెసిడెంట్ల హడావిడి. నువ్వడిగింది చిన్న సంగతే. మీ అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ ట్రైనింగ్ చేస్తున్న రెసిడెంట్లు నలుగురు గ్లోబల్ హెల్త్ పోస్టింగ్ అని రెండు వారాలు మా దగ్గరకి వస్తామంటున్నారు, ఏర్పాట్లు చూడగలవా అని. రెండు వారాలకైతే వద్దురా. ఎందుకో చెప్తాను. కాఫీ కలుపుకుని కూర్చో, ఇది పెద్ద ఉత్తరమే.

ముందు మా పిల్లల సంగతి చెప్పాలి. డీఎన్‌బీ పీజీలో ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఇష్టపడి చేరేవాళ్లు తక్కువని నీకూ తెలుసు. రేడియాలజీ అందక, డెర్మటాలజీ అందక, ఇంకో ఏడాది కోచింగ్‌కి ఓపిక లేక వస్తారు. మొదటి నెలంతా మొహాలు వేలాడేసుకుని తిరుగుతారు. మా మావయ్యైతే నన్ను ఇప్పటికీ, "ఇంతకీ నువ్వు దేనికి స్పెషలిస్టువిరా?" అనే అడుగుతాడు. అన్నిటికీ అంటే నవ్వుతాడు, మనిషికి అంటే ఇంకా నవ్వుతాడు. ఈ మధ్య జవాబు చెప్పడం మానేశాను.

ఈసారి వచ్చినవాళ్లలో ఒంగోలు అమ్మాయి ఒకతె ఉంది. చురుకైన పిల్ల. కిడ్నీ జబ్బు మొదలైన ఒకావిడకి ఓపీలో మందులు రాసింది, ఉప్పు తగ్గించమంది, నొప్పి మాత్రలు ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది. కేస్ షీట్ చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. అయినా మళ్లీ పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ ఇంకా దెబ్బతిందన్నమాట. "చెప్పిన మాట వినట్లేదు సర్" అంది. సరే పద, ఇంటికెళ్లి చూద్దామని తీసుకెళ్లాను.

ఆవిడది జీడిపిక్కలు కొట్టే పని. వేళ్లన్నీ జీడి అంటి నల్లగా మాడిపోయి ఉన్నాయి. మందులేవమ్మా అంటే దూలం సందులోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో మేమిచ్చిన మాత్రలు సగానికి సగం అలాగే ఉన్నాయి, పక్కనే కిరాణా కొట్లో కొన్న నొప్పి మాత్రల స్ట్రిప్పు. "కాళ్లు పీకేస్తన్నాయమ్మా, ఇయ్యేసుకుంటేగాని నిద్దరట్టదు" అంది. ఇంతవరకూ మా పిల్లకి కొత్తేమీ కాదు. నీళ్లు ఎన్ని తాగుతావని అడిగితే మాత్రం ఆవిడ తల దించుకుంది. పనిచేసే షెడ్డులో బాత్రూమ్ లేదట. అందుకని పొద్దున పనిలోకి వెళ్లింది మొదలు ఇంటికి వచ్చేదాకా నీళ్లు ముట్టుకోదు. పొయ్యి పక్కన, రేకుల కింద, ఎండాకాలంలో కూడా.

ఆ అమ్మాయి తిరుగుదారిలో ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఓపీలో ప్రతి ఆడమనిషినీ, "పనిచోట బాత్రూమ్ ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న మనం చదివిన విశాఖ కేజీహెచ్‌లో ఎవరైనా నేర్పారా మనకి? తప్పు మాస్టార్లది కాదు. వార్డులోకి వచ్చేసరికి పేషెంట్‌కి ఊరూ ఉండదు, పనీ ఉండదు, మంచం నంబర్ ఒకటే ఉంటుంది. అక్కడ ఆ ప్రశ్న పుట్టదు.

మీ దగ్గర నాకు కుళ్లు పుట్టే సంగతి ఒకటుంది. మూడేళ్ల ట్రైనింగ్ పొడుగునా రెసిడెంట్‌కి తనవంటూ కొన్ని కుటుంబాలు ఉంటాయి, వాళ్లనే చూస్తూ ఉంటాడు. పల్లె ట్రాక్‌లైతే మొదటి ఏడాది పెద్దాసుపత్రిలో, మిగతా రెండేళ్లు పల్లెటూరి క్లినిక్‌లో పెడతారు కదా, అది ఇంకా నచ్చింది. మావాళ్లు మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల వార్డు అని డిపార్ట్‌మెంట్లు తిరుగుతారు. ఏ వార్డులో ఉంటే ఆ జబ్బు చూస్తారు. మొన్న కాన్పు చేసిన పిల్లకి ఇవాళ బీపీ ఎంతుందో ఎవడికీ తెలీదు. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో మొదటి ఏడాది నుంచే ఒక్కో విద్యార్థికి ఊళ్లో కొన్ని కుటుంబాలు అప్పగించాలని జాతీయ వైద్య కమిషన్ ఎన్ఎంసీ నిబంధన పెట్టింది, మంచిదే. ఎండీ, ఎంఎస్ వాళ్లు కూడా మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో చేయాలి. కానీ రిజిస్టర్లో సంతకం పెట్టించుకోవడంతో సరిపెడితే ఏ నిబంధనైనా ఒకటే. నేను మాత్రం ఇక్కడ ఒక్కొక్కరికి ఒక వీధి అప్పజెప్పాను. ఏ వార్డులో డ్యూటీ ఉన్నా వారానికో పూట ఆ వీధికి వెళ్లాల్సిందే. మొదట్లో గొణిగారు. ఇప్పుడు చేపల పులుసు ఎవరింట్లో బాగుంటుందో వాళ్లే నాకు చెప్తున్నారు.

మనం చదివేటప్పుడు సిక్కోలు పిల్లలకి విశాఖే గతి. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ మెడికల్ కాలేజీ వచ్చింది, 2023లో విజయనగరంలో 150 సీట్లతో ఇంకో కాలేజీ. చుట్టాలంతా సంబరపడ్డారు, నేనూ పడ్డాను. కానీ కాలేజీ ఇక్కడ కట్టినంత మాత్రాన డాక్టర్ ఇక్కడ ఉండిపోడు కదరా. పల్లెల్లో పెరిగిన పిల్లల్ని చేర్చుకుని, ట్రైనింగ్ కూడా పల్లెలోనే ఇస్తే ఉండిపోయే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనూ చెప్పింది, 2021లోనూ చెప్పింది. నన్నడిగితే ఇంకోటి కలుపుతాను: పెళ్లయిన డాక్టర్‌కి క్వార్టర్సూ, వాళ్ల పిల్లలకి బడీ చూపించు. బాండ్ రాయించుకుని కట్టేస్తే గడువు తీరిన రోజునే బస్సెక్కేస్తారు.

వేల్స్‌లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అని ఒక పెద్దాయన ఉండేవాడు, చదివే ఉంటావు. బొగ్గుగనుల ఊళ్లో దశాబ్దాలు అక్కడే ఉండిపోయి, జబ్బని వచ్చినవాళ్లకే కాదు, ఊరందరికీ బీపీ చూశాడు. వైద్యం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ అందుతుందని 1971లో రాశాడు. విశాఖలో గుండె ఆసుపత్రులు వరసగా ఉంటాయి. మందస కొండల మీద బీపీ చూడడానికి మనిషి కావాలంటే ఎదురుచూడాలి.

ఇక గ్లోబల్ అనే మాట దగ్గరకి వస్తాను. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి నీకు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ ఊరెళ్లినా డయాలసిస్ మనిషి ఉంటాడు. మొదట్లో కాళ్ల వాపు ఉండదు, బీపీ పెద్దగా ఉండదు, రక్తపరీక్ష చేస్తేగాని బయటపడదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఎండలో నీళ్లు లేకుండా పని, తాగే నీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. హిరమండలం నుంచి నీళ్లు తెచ్చారు, పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అవీ కావాల్సినవే. కానీ సరిగ్గా ఇలాంటి జబ్బే నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకీ, శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకీ ఉంది. నికరాగువా చెరకు తోటల్లో కూలీలకి పని మధ్యలో నీళ్లు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేస్తే కిడ్నీల మీద దెబ్బ తగ్గిందని చూశారు. మందు కాదు, మిషను కాదు. ఇది చదివినప్పుడు నాకు ఆ జీడిపిక్కలావిడ షెడ్డే గుర్తొచ్చింది. మా పిల్లలు నేర్చుకోవాల్సింది బోస్టన్ నుంచి ఎంతుందో, ఆ చెరకు తోటల నుంచి అంతకన్నా ఎక్కువే ఉంది. ఇక్కడ కవిటిలో బాగా నేర్చుకున్న డాక్టర్ ఎల్ సాల్వడార్ వెళ్లినా రెండో రోజుకే పనిలో పడతాడు, భాష తప్ప.

భాషంటే గుర్తొచ్చింది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు క్యాంపులకి వెళ్తే సవర గిరిజన ముసలమ్మలు మాతో ఏమీ చెప్పరు, మనవడు అనువదించినంతే మాకు దక్కేది. ఆడవాళ్ల జబ్బులు మనవడితో ఏం చెప్పించుకుంటారు చెప్పు? మన గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల కిందటే సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మావాళ్లు కనీసం 'ఎక్కడ నొప్పి', 'ఎన్నాళ్లనుంచి' అనైనా నేర్చుకోవాలని ఆశా వర్కర్ చేత పాఠాలు చెప్పిస్తున్నాను. ఉచ్చారణకి ఆవిడ పడీ పడీ నవ్వుతుంది.

ఇప్పుడు చెప్పు, రెండు వారాల్లో మీవాళ్లకి ఏం తెలుస్తుంది? మొదటి వారం జెట్‌లాగ్‌కీ, కడుపు సర్దుకోవడానికీ పోతుంది. రెండో వారం ఫొటోలు, వీడ్కోలు. మా నర్సులు డ్యూటీ వదిలి వాళ్లకి అనువాదం చేసిపెట్టాలి. పైగా ఎన్ఎంసీ అనుమతి లేకుండా వైద్యం చేయడానికి వీల్లేదు, పక్కన నిలబడి చూడటమే. అది కూడా చూడటం తెలిసినవాడికే ఉపయోగం.

కాబట్టి నా షరతులు విను. కనీసం రెండు నెలలకి రావాలి. నలుగురు ఒకేసారి వద్దు, ఇద్దరిద్దరు రండి. ఒక్కొక్కరు మావాళ్ల వీధిలోనే తిరగాలి, ఆశా వర్కర్ వెనకాల, ఆవిడ నడిచినంత నడవాలి. తిరిగి వెళ్లాక ఆ కుటుంబాల గురించి మావాళ్లతో నెలకోసారి వీడియోలో మాట్లాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, మా ఒంగోలు అమ్మాయిని రెండు నెలలు మీ క్లినిక్‌కి పిలిపించుకోవాలి. మీరు వచ్చి చూసిపోవడమే కాదు, మాకూ చూపించండి. మీ దగ్గర మెక్సికో నుంచి వచ్చిన తోటకూలీలు ఉన్నారన్నావు కదా. వాళ్లకి పొలంలో బాత్రూమ్ ఉందో లేదో ఈ పిల్ల అడుగుతుంది, చూడు. వీసా తలనొప్పులు నీవి, టికెట్ డబ్బులు మీ ప్రోగ్రామ్‌వి.

వస్తే సంక్రాంతి వెళ్లాక రమ్మను. అక్టోబర్ అసలు వద్దు. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా కొబ్బరి తోటలు ఏమయ్యాయో నీకు ఫొటోలు పంపాను కదా, ఆ నెలంటే ఇక్కడ అందరికీ టెన్షనే. మే నెలలో మీవాళ్లు తట్టుకోలేరు, మనమే తట్టుకోలేం.

మీ ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి ఇది ఎలా చెప్తావో నీ ఇష్టం. కుదరదంటే కుదరదని రాసెయ్, మొహమాటపడకు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి తెలుగు వస్తోందా లేదా అనేది ఈసారైనా దాచకుండా రాయి.

నీ
సత్తిగాడు