స్వాబ్ పరీక్షకు ఎవరిని పిలవాలో వేషం చూసి తేల్చకూడదు

సంపాదకుల వారికి నమస్కారం.

విమానాశ్రయాల్లో మెటల్ డిటెక్టర్ దాటిన ప్రయాణికుల్లో కొందరిని పక్కకు పిలిచి, అరచేతులనూ సంచుల జిప్పులనూ సన్నటి పేలికతో తుడిచి, దాన్ని ఒక యంత్రంలో పెట్టి చూస్తుండడం మీ పాఠకుల్లో పలువురికి అనుభవమే అయివుంటుంది. పేలుడు పదార్థాల జాడ కోసం చేసే ఈ స్వాబ్ పరీక్ష వద్దనడం నా ఉద్దేశం కాదు. రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక దాని విలువ నాకు తెలుసు. నా అభ్యంతరమల్లా, అందరినీ పరీక్షించడం సాధ్యం కానప్పుడు ఆ కొందరు ఎవరన్నది ఎవరు, దేన్ని బట్టి నిర్ణయిస్తున్నారన్నదే.

పేలుడు పదార్థాల ప్రమాదం గురించి తిరుపతి వాసులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి వాహనశ్రేణిపై మందుపాతరలు పేల్చిన సంగతి ఈ ఊరు మరచిపోలేదు. అంతకు చాలా ముందే, 1984 ఆగస్టులో, మనకు దగ్గరి పెద్ద విమానాశ్రయమైన చెన్నై మీనంబాక్కంలో సామానులో పెట్టిన బాంబు పేలి ముప్పై మంది దాకా చనిపోయారు. మరుసటి ఏడాది జూన్‌లో ఎయిరిండియా వారి కనిష్క విమానం బాంబుకు బలై, అందులోని 329 మందిలో ఒక్కరూ బతకలేదు. అయితే చేతులు తుడిచి చూసే పద్ధతి విస్తరించడానికి దారితీసింది 2009 డిసెంబరు 25 నాటి ఘటన. డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక యువకుడు లోదుస్తుల్లో పీఈటీఎన్ అనే పేలుడు పదార్థం దాచుకుని ఎక్కగలిగాడు. మెటల్ డిటెక్టర్ పట్టేది లోహాన్ని మాత్రమే. అందుకే ఆ మరుసటి ఏడాది నుంచి అమెరికా విమానాశ్రయాల్లో ఎంపిక చేసిన ప్రయాణికుల చేతులను ఇలా పరీక్షించడం మొదలుపెట్టారు.

యంత్రం చేసే పని వినడానికి తేలికే. పేలికకు అంటిన రేణువులను వేడి చేసి ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరిని విద్యుదావేశం గల అయాన్లుగా మారుస్తుంది, అవి ఒక గొట్టం చివరకు చేరడానికి పట్టే సమయాన్ని బట్టి పదార్థం ఏమిటో పోల్చుకుంటుంది. ఇదంతా కొద్ది సెకన్లలో ముగుస్తుంది. గ్రాములో వందకోట్లవ వంతు ఉన్నా గుర్తించగల ఈ సూక్ష్మతే దాని బలం, చిక్కు కూడా అదే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలోని నైట్రోగ్లిజరిన్ స్వయంగా ఒక పేలుడు పదార్థమే. గ్లిజరిన్ కలిసిన చేతి క్రీములు ఒక్కోసారి యంత్రాన్ని తికమకపెడతాయి. నైట్రేటు ఎరువులు చల్లిన చేతులతో వచ్చిన రైతుకూ, పండుగకు బాణసంచా కాల్చి మర్నాడే ప్రయాణమైనవారికీ అలారం మోగవచ్చు. మామిడి పూత కోసం పొటాషియం నైట్రేటు పిచికారీ చేసే బంగారుపాళెం రైతునూ, కుప్పం వైపు గ్రానైటు క్వారీల్లో పేలుళ్ల దగ్గర పనిచేసే కూలీనీ తలచుకుంటే, ఈ మాట మన చిత్తూరు సీమకు ఎంత దగ్గరిదో తెలుస్తుంది. రోజూ విమానమెక్కే లక్షల మందిలో దురుద్దేశం ఉన్నవారు లేరన్నంత అరుదు కనుక, మోగిన అలారాల్లో దాదాపు అన్నీ నిరపరాధుల మీదే మోగుతాయి. ఇది యంత్రం లోపం కాదు, లెక్కల సంగతి.

ఇటీవల ఒక విమానాశ్రయంలో (అది ఏదన్నది ఇక్కడ అనవసరం) నా వరుస కదులుతున్నంతసేపూ పరీక్ష బల్ల దగ్గరకు ఎవరెవరిని పిలుస్తున్నారో గమనించాను. పంచె కట్టుకున్న ఒక రైతు, ఆయన భార్య, వారి తర్వాత తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకున్న యువకులు ఒక్కరూ ఆగకుండా సాగిపోయారు. సిబ్బంది హిందీలో చెప్పింది ఆ దంపతులకు అర్థం కాలేదు. పేలికతో గాజులు కూడా తుడుస్తుంటే ఆమె, "కడుక్కోనే వస్తిమి గదయ్యా, ఇంకేం మురికుంది మా చేతుల్లో?" అని అడిగారు. జవాబు చెప్పినవారు లేరు. నా పక్కనున్న ఒకాయన నవ్వారు కూడా. అది నవ్వవలసిన చోటు కాదు.

ఒక సాయంత్రం చూసినదాన్ని బట్టి ఆ సిబ్బందికి దురుద్దేశం అంటగట్టను. ఎంపిక మనిషి కంటికి వదిలేస్తే అది ఎవరి మీద ఆగుతుందో మాత్రం మనందరం ఊహించగలం. మనం ఊహించగలిగినది నేరం తలపెట్టినవాడు ఊహించలేడా? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆ ల్యాప్‌టాప్ సంచుల వరుసలో కలిసిపోతాడు. చీటీ తీసినట్టు ఎవరి పేరు వస్తుందో ఎవరికీ తెలియనప్పుడే వాడికి భయం ఉంటుంది. కనుక నేను కోరుతున్నది మర్యాద కోసమే కాదు, భద్రత కోసం కూడా.

దీనికి కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. ఆస్ట్రేలియా విమానాశ్రయాల్లో ఒకరి పరీక్ష ముగియగానే తర్వాత అటుగా వచ్చినవారిని పిలిచే పద్ధతి ఉంది. నేటి మెటల్ డిటెక్టర్ ద్వారాల్లో చాలావాటికి, దాటేవారిలో నిర్ణీత శాతం మందికి దానంతటదే సంకేతమిచ్చే సదుపాయం ఉంటుంది. దాన్ని వాడితే జవాను మీద నింద ఉండదు, ప్రయాణికుడికి అవమానమూ ఉండదు. సిబ్బందికి నిజంగా అనుమానం కలిగినవారిని విడిగా తనిఖీ చేసే అధికారం ఎలాగూ ఉంది. దానికి యాదృచ్ఛిక పరీక్ష అనే పేరు తగిలించనక్కరలేదు.

పౌర విమానయాన భద్రతా బ్యూరో ఈ ఎంపిక పద్ధతిని అన్ని విమానాశ్రయాల్లో తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. శ్రీవారి దర్శనానికి నానా ప్రాంతాల నుంచి భక్తులు దిగే మన రేణిగుంట విమానాశ్రయంలో, ఈ పరీక్ష ఎందుకో, ఏయే మందులు, ఎరువుల వల్ల అలారం మోగవచ్చో, మోగితే తర్వాత ఏం చేస్తారో తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల్లో రాసిన పలక ఒకటి బల్ల పక్కనే పెట్టించాలి. ఏటా ఎంతమందిని పరీక్షించారో, ఎన్ని అలారాలు మోగాయో, వాటిలో ఎన్ని నిజమయ్యాయో దేశం మొత్తానికి కలిపి ప్రకటించినా చాలు. ఆ మూడు అంకెల వల్ల బయటపడే భద్రతా రహస్యం ఏదీ లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
తిరుపతి.