పాలపుంత ఫొటోకి బయల్దేరే ముందు

అందరికీ నమస్కారం. మే నెల అమావాస్య రాత్రి పాలపుంత ఫొటోలకి ట్రాకర్ (చుక్కల కదలికతోపాటు కెమెరాని తిప్పే పరికరం) లేదని ఎవరూ ఆగిపోకండి. కెమెరాతో వచ్చే మామూలు కిట్ లెన్స్, గట్టి ట్రైపాడ్ ఉంటే చాలు. మే మధ్యలో రాత్రి 2, 2.30 ప్రాంతంలో పాలపుంత నడిబొడ్డు హైదరాబాద్‌కి దక్షిణాన సుమారు 44 డిగ్రీల ఎత్తుకొస్తుంది. లండన్ వాళ్లకి అది 10 డిగ్రీలే, పాపం! వృశ్చికం తోకకీ ధనుస్సుకీ మధ్య పల్చటి పొగలా కనిపించేదే అది.

ఎక్కువమంది ఫొటోలు పాడయ్యేది ఫోకస్ దగ్గరే. లెన్స్ మీద ఇన్‌ఫినిటీ గుర్తుని నమ్మొద్దు. మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) వృశ్చికంలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రాన్ని 10 రెట్లు జూమ్ చేసి, చుక్క సూదిమొనంత అయ్యేదాకా రింగ్ మెల్లగా తిప్పండి. దాటిపోతే చుక్క మళ్లీ ఉబ్బుతుంది, వెనక్కి రండి. కుదిరాక రింగ్‌కి టేప్ అంటించేయండి. చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి చూసుకోండి.

సెట్టింగులు: 18 ఎంఎం, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, రా ఫైల్ (కెమెరా కుదించని అసలు ఫైల్). క్రాప్ సెన్సర్‌కి (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) 500 సూత్రం, అంటే 500ని 1.5 రెట్ల ఫోకల్ లెంగ్త్‌తో భాగించే లెక్క, 18 సెకన్ల ఎక్స్‌పోజర్ అంటుంది కానీ 24 మెగాపిక్సెళ్లలో చుక్కలు గీతలవుతాయి, 12 సెకన్లు దాటకండి. స్టెబిలైజేషన్ ఆపేయండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. కదపకుండా 16 ఫ్రేములు తీసి సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) నాలుగో వంతుకి పడిపోతుంది. చివర్లో మూత పెట్టి, అవే సెట్టింగులతో 10 డార్క్ ఫ్రేములు (సెన్సర్ లోపాలు తీసేయడానికి వాడే నల్లటి ఫొటోలు) తీయండి.

తెల్లవారుజామున చుక్కల చుట్టూ మసక కాంతి కనిపిస్తే అది లెన్స్ మీద మంచు. తుడిస్తే గీతలు పడతాయి. హ్యాండ్ వార్మర్‌ని లెన్స్‌కి రబ్బరు బ్యాండుతో కట్టండి. చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం తప్పనిసరి.