హేగ్ విగ్రహం గురించి
లండన్ వైట్‌హాల్‌లో గుర్రం మీదున్న ఫీల్డ్ మార్షల్ డగ్లస్ హేగ్ విగ్రహాన్ని ఉంచాలా తీసేయాలా అని వాదన అప్పుడప్పుడూ లేస్తుంటుంది కాబట్టి నా మాట కూడా చెప్తున్నా. 1916 జులై 1న, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మొదలైన ఒక్క రోజులోనే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది పోయారు, ఆ సైన్యానికి సర్వాధికారి ఆయనే. 1918లో గెలిచిన సైన్యాన్ని నడిపిందీ ఆయనే, కాదనను. కానీ శిల్పి ఆల్ఫ్రెడ్ హార్డిమన్ ఈ విగ్రహం చేస్తున్నప్పుడు (1937లో ఆవిష్కరించారు) గొడవంతా దేని మీదనుకున్నారు, గుర్రం కాళ్లు అలా నిలబడవని! అదే నాకు బాధ. టోపీ లేకుండా కూర్చున్న ఆ మనిషిని తీసేయక్కర్లేదు, దిమ్మె మీద 19,240 అని చెక్కించాలి, అంతే. మీరేమంటారు?