పార్టీకి విరాళం, సభలో విప్

సంపాదకులకు,

దాత పేరు బయటికి రాకుండా పార్టీలకు విరాళమిచ్చే వీలు కల్పించిన ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. మూడు వారాలు తిరగకముందే, మార్చి 4న, లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఏదీ ఉండదని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి, అలాంటి రక్షణ ఉందంటూ పి.వి. నరసింహారావు కేసులో 1998లో వెలువడిన తీర్పును తోసిపుచ్చింది. రెండూ స్వాగతించదగినవే అయినా, వాటి మధ్య ఒక పెద్ద ఖాళీ మిగిలిపోయింది.

సభ్యుడు డబ్బు తీసుకుని ఓటేస్తే నేరం. అతని పార్టీ ఒక కంపెనీ నుంచి కోట్లు తీసుకుని, ఆ కంపెనీకి మేలు చేసే బిల్లుకు మద్దతుగా ఓటేయాలని తన సభ్యులను ఆదేశిస్తూ విప్ జారీ చేస్తే మాత్రం ఆ డబ్బు విరాళంగానే చలామణి అవుతుంది. ఫిరాయింపులను అరికట్టేందుకు 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వానికే ఎసరు కాబట్టి, కంపెనీలకు ఒక్కొక్క ఎంపీని ప్రసన్నం చేసుకునే పని లేదు, పార్టీ అధిష్ఠానం ఒక్కటి చాలు. వ్యక్తిగత ఆర్థిక ప్రయోజనం ఉన్న సభ్యుడి ఓటును లోక్‌సభలో 371వ నియమం కింద ప్రశ్నించవచ్చు గానీ, పార్టీ ఖాతాలో పడిన సొమ్ము ఆ నియమానికి అందదు.

పార్టీలకు సొంత ప్రయోజనం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో 2018 మార్చిలో చూశాం. విదేశీ కంపెనీతో ముడిపడిన విరాళాలు తీసుకుని భాజపా, కాంగ్రెస్ రెండూ విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని ఉల్లంఘించాయని ఢిల్లీ హైకోర్టు 2014లో తేల్చింది. ఏది విదేశీ విరాళమో తేల్చే నిర్వచనాన్నే 1976 నుంచి వర్తించేలా మార్చే సవరణను ప్రభుత్వం ఆర్థిక బిల్లులో చేర్చింది. ప్రత్యేక హోదా కోసం మన ఎంపీలు వెల్‌లో నినాదాలు చేస్తున్న ఆ గందరగోళంలోనే, 42 ఏళ్ల వెనక్కి వెళ్లే ఆ సవరణతో సహా బిల్లును లోక్‌సభ చర్చ లేకుండా, పేర్లు నమోదు కాని మూజువాణి ఓటుతో ఆమోదించింది. హోదా కోసం మన వారు చేసిన ఆందోళన న్యాయమైనదే. ఈ సవరణపై మాత్రం ఏ సభ్యుడు ఎటు నిలిచాడో రికార్డులో లేకుండా పోయింది, అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఇది ఢిల్లీ పార్టీల వ్యవహారమే అనుకోవడానికి లేదు. బాండ్లు కొన్న సంస్థల్లో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీది. భారాసకు 1,200 కోట్ల రూపాయలకు పైగా, వైకాపాకు 330 కోట్లకు పైగా, తెదేపాకు 200 కోట్లకు పైగా బాండ్ల ద్వారా అందాయి. విరాళం తీసుకున్నంత మాత్రాన ఓటు అమ్ముడుపోయిందని నేను అనడం లేదు. ఏ బిల్లు సభ ముందుకు వచ్చినప్పుడు ఎవరిచ్చిన సొమ్ము ఏ పార్టీ దగ్గర ఉందో ఓటరుకు తెలియాలి కదా! ఇప్పుడు 20 వేల రూపాయలు దాటిన విరాళాల జాబితాను పార్టీలు ఏడాదికొకసారి ఎన్నికల సంఘానికి సమర్పిస్తున్నాయి. అది జనం కంటబడేసరికి బిల్లు చట్టమై కూర్చుంటుంది.

కంపెనీ ఇచ్చే ప్రతి విరాళాన్నీ అందిన 15 రోజుల్లో బహిరంగపరచాలన్న నిబంధన రావాలి. విప్ ధిక్కరణపై పడే అనర్హత వేటును విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం చేయాలని ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది, దానికి ఇకనైనా మోక్షం కలిగించాలి. చట్టాలు మారేదాకా ఆగనక్కర్లేని పని మరొకటి ఉంది. పార్టీ నిధులకు సంబంధించిన ఏ సవరణ వచ్చినా డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరి, తమ ఓటును పేరుతో సహా నమోదు చేయించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు