కొండ సరస్సుల్లో ట్రౌట్ వేటకు వెళ్లే సభ్యులకు

సభ్యులకు నమస్కారం.

శీతాకాలమంతా మంచు పలక కింద గడిపిన ట్రౌట్ చేపలు, ఆ మంచు కరిగిన తొలి వారాల్లో మేత కోసం ఒడ్డు దగ్గరికే వస్తాయి కనుక, ఎత్తైన సరస్సులకు నడిచి వెళ్లేవారికి అదే అనువైన కాలం. అప్పటికి దారిలో మంచు ఇంకా మిగిలి ఉండవచ్చు.

చేరగానే గాలం వేయకండి. నీటికి కాస్త ఎడంగా నిలబడి నీటి మీది మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్లద్దాలతో చూస్తే, అడుగు రాళ్ల మీదుగా ముందు చేప నీడ, తరువాత చేప కనిపిస్తాయి. అది తరచుగా ఒడ్డు వెంబడి అదే దారిలో తిరుగుతూ ఉంటుంది. ఎర దాని ముందు రెండు మూడు మీటర్ల దూరంలో పడాలి గాని, తల మీద పడితే బెదిరిపోతుంది. వాగు వచ్చి కలిసే చోటు ఉంటే నేను ముందు అక్కడికే వెళ్తాను.

నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే వేట మానుకోవాలి. అంత వెచ్చదనంలో పట్టి వదిలిన చేప కూడా బతకడం కష్టం. వదిలేవారు ఎదురుముల్లు లేని గాలం వాడి, చేతులు తడిపి, చేపను నీటిలోనే విడిపించాలి. పొడి చేయి తగిలితే దాని ఒంటి జిగురు పొర ఊడిపోతుంది.

వేసవి మధ్యాహ్నాలు కొండల మీద పిడుగులు సాధారణం, గ్రాఫైట్ గాలపు కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉరుము వినగానే కర్రను కింద పెట్టి, నీటికి దూరంగా దిగువకు వచ్చేయండి.